పూల ఛాయాచిత్రములు – సద్విమర్శ

చిత్తూరునుండి బెంగళూరునకు పోవు రాజమార్గమున మొగిలి కనుమ నెక్కినచో పలమనేరు పీఠభూమి కనబడును. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున నుండుటచే ఇచ్చట ఉదయపు గాలి చల్లగా వీచును. ఎఱ్ఱనేలలు, బండరాళ్ల గుట్టలు, చెఱువుగట్లు, వాని నడుమ పల్లెలు – ఇది ఆ ప్రాంతపు రూపము. దారిప్రక్కల తంగేడు పసుపుపచ్చగా పూయును. శిశిరము ముగియు వేళకు మోదుగ ఆకులన్నియు రాల్చి కొమ్మనిండ ఎఱ్ఱని పూవులు ధరించును. బీడునేలలలో జిల్లేడు, తోటలలో బంతియు చేమంతియు కన్నుల పండువుగా నుండును.

ఇట్టి చోట పెరుగు బాలబాలికలకు అందమైన పూవును చూచినప్పుడు దాని రూపమును నిలిపియుంచుకొనవలెనను కోరిక కలుగుట సహజము. ఒకప్పుడు కెమేరా కొందరి యిండ్లలో మాత్రమే యుండెడిది. నేడు చేతిఫోనులోనే కెమేరా యుండుటచే ఛాయాచిత్రము తీయుట సులభమైనది. కాని, తీసిన చిత్రమునుగూర్చి పనికివచ్చు నాలుగు మాటలు చెప్పుట మాత్రము సులభము కాలేదు. చిత్రమును చూపినంతనే ఒక స్నేహితుడు "చాల బాగున్నది" అనును. మరియొకడు "ఇదియు ఒక చిత్రమేనా!" అని నవ్వును. మొదటి మాట విన్నవాడు పొంగిపోవును. రెండవ మాట విన్నవాడు క్రుంగిపోవును. కాని మరునాడు ఇంతకంటె మంచి చిత్రమును తీయు మార్గ మేదియో ఇద్దరిలో ఎవ్వనికిని తెలియదు. కావున ఈ రెండు మాటలును ఒక్క విధముగనే నిష్ప్రయోజనములు.

విమర్శ యనగా దోషములు వెదకుట యని పలువురు తలంతురు. అది పొరపాటు. విమర్శ యనగా చక్కగా పరిశీలించి ఆలోచించుట. మంచిని మంచిగాను, లోపమును లోపముగాను గుర్తించి, రెండింటికిని కారణము చెప్పుటయే సద్విమర్శ. పలమనేరు మట్టిపనికి పేరుపొందిన ఊరు. కొత్తగా పని నేర్చుకొను పిల్లవాడు కుండ చేసి చూపినప్పుడు అనుభవముగల కుమ్మరి "బాగులేదు" అని ఊరకుండడు. "ఈ ప్రక్క గోడ మందముగా నున్నది, ఆ ప్రక్క పలుచగా నున్నది, ఇట్లున్నచో ఆరునప్పుడో కాలునప్పుడో పగులును, చేతిని సమముగా నడుపుము" అని చెప్పును. ఇందులో లోపము గలదు. దాని ఫలితము గలదు. దానికి ఉపాయమును గలదు. కుఱ్ఱవానిని నిందించు మాట ఒక్కటియు లేదు. ఛాయాచిత్రమునుగూర్చి చెప్పు మాటయు ఇట్లే యుండవలెను.

చిత్రములను పదిమందికి చూపి వారి యభిప్రాయములు వినుట కొత్త ఆచారము కాదు. ఛాయాచిత్రకళ పుట్టిన నాటనే ఆకులును పూవులును దానికి ప్రియమైన వస్తువు లాయెను. ఇంగ్లండు దేశస్థుడైన టాల్బట్ 1830 దశకమున వెలుతురునకు నల్లబడు కాగితముపై ఆకులను పరచి, ఎండలో నుంచి, వాని యాకారములను పట్టుకొనెను. అదే దేశమునకు చెందిన అన్నా అట్కిన్స్ అను విదుషి 1843లో సముద్రపు నాచుమొక్కల నీలివర్ణ ఛాయాచిత్రములతో ఒక గ్రంథమును వెలువరింప నారంభించెను. ఛాయాచిత్రములతో కూడిన గ్రంథములలో అదియే మొదటిదిగా ప్రసిద్ధి చెందినది. మన దేశమునందు 1850 దశకముననే బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో ఛాయాచిత్ర సంఘములు వెలసెను. సభ్యులు తమ చిత్రములను ప్రదర్శించుటయు, ఒకరి పద్ధతులను మరియొకరు తెలిసికొనుటయు ఇట్టి సంఘముల ముఖ్యకార్యము. ఆనాడు పలమనేరు మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు మండలమున చేరియుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన పిదప ఇందులోనికి వచ్చెను.

ఇక విమర్శించు విధానమును తెలిసికొందము. అందు మొదటి మెట్టు మౌనము. చిత్రమును చేతికి తీసికొనినంతనే నోరు విప్పరాదు. చూపు మొట్టమొదట చిత్రములో ఎచ్చటికి పోయినది, అటుపిమ్మట ఎచ్చటికి జరిగినది, ఎచ్చట ఆగినది – ఈ మూడును గమనింపవలెను. పూవు చిత్రములో చూపు పూవుమీద నిలిచినచో తీసినవాని యుద్దేశము చాలవరకు నెరవేరినట్లే. పూవును విడిచి వెనుకనున్న తెల్లని గోడమీదకో, అంచున వ్రేలాడు తీగెమీదకో పోయినచో అందుకు కారణము వెదకవలెను.

రెండవ మెట్టు ప్రశ్న. "నీవు దీనిలో ఏమి చూపదలచితివి?" అని అడుగవలెను. ఒకడు పూవు రంగును చూపదలచియుండవచ్చును. ఒకడు పూవుపై వ్రాలిన తేనెటీగను. ఇంకొకడు ఎండిన గుట్టమీద ఒంటరిగా పూచిన పొదను. గుట్టను చూపదలచిన వానితో "పూవు చిన్నదిగా కనబడుచున్నది" అనుట అన్యాయము. తీసినవాని సంకల్పమును తెలిసికొని, చిత్రము ఆ సంకల్పమును ఎంతవరకు నెరవేర్చినదో చెప్పుటయే విమర్శకుని పని.

ఒక యుదాహరణమును తీసికొందము. పలమనేరు పాఠశాలలో చదువు ఒక బాలుడు మిట్టమధ్యాహ్నము తంగేటి పూవును చిత్రించి, పై తరగతి బాలికకు చూపెననుకొందము. ఆమె యిట్లు చెప్పవచ్చును: "తమ్ముడూ! పూవు మధ్యనుండి వంగిన పొడవైన కేసరములు నీ చిత్రములో స్పష్టముగా నున్నవి. వానిని ఇంత దగ్గరగా ఇదివరకు నేను చూడలేదు. రేకుల అంచులలోని ముడుతలు మాత్రము కనబడుట లేదు. అచ్చట పసుపు ముద్ద యొక్కటే మిగిలినది. ఎండ నడినెత్తిన నుండుటచే వెలుతురు ఎక్కువైనది. రేపు ఉదయము ఏడు గంటలకు అదే పొదకడకు పోయి మరల తీసి చూడుము. ముడుతలు వచ్చునో లేదో ఇద్దరమును చూతము."

ఈ మాటలలో నాలుగు గుణములు కలవు. మెచ్చుకోలు ఒక నిర్దిష్టమైన వస్తువునుగూర్చినది. లోపము చిత్రముపై నిలిచినది గాని బాలునిపై పడలేదు. లోపమునకు కారణము చెప్పబడినది. తరువాత చేయవలసిన పని, అదియు ఆ బాలునికి సాధ్యమైన పని, చూపబడినది. "నీకు వెలుతురు సంగతి తెలియదు" అని చెప్పియున్నచో విషయము అదే యయ్యెడిది. కాని బాలుడు మరునాడు ఉదయము లేచి పొదకడకు పోయెడివాడు కాడు.

విమర్శకునికి మంచి మనస్సు మాత్రము చాలదు, విషయజ్ఞానమును కావలెను. పూల చిత్రములలో తరచుగా కనబడు లోపములు కొన్ని కలవు. వాని కారణములను విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

మొదటిది వెలుతురు. కెమేరా తన యెదుట నున్న దృశ్యము సగటున మధ్యరకపు ఛాయలో నుండునని భావించి వెలుతురును లెక్కకట్టును. చిత్రమంతయు తెల్లచేమంతులతో నిండియున్నచో ఆ తెలుపును మధ్యఛాయకు దింపును. పూవులు మాసినట్లు బూడిదరంగులో వచ్చును. అట్టిచో వెలుతురును కొంత హెచ్చింపవలెను. చీకటి పొద నడుమ ఒక్క పూవు మెరయుచున్నచో దీనికి వ్యతిరేకము జరుగును; కెమేరా పొదను చూచి వెలుతురు పెంచును; పూవు వివరములు చెరగిపోవును. అప్పుడు వెలుతురును తగ్గింపవలెను. ఫోనులో తెరపై పూవును వ్రేలితో తాకి ఈ మార్పు చేయవచ్చును. పలుచని మేఘము క్రమ్మిన వేళ వెలుతురు మెత్తగా పరచుకొనుటచే నీడలు తగ్గి, రేకుల ఈనెలు చక్కగా కనబడును. మబ్బు పట్టినదని కెమేరాను లోపల పెట్టుట పూల చిత్రకారునికి నష్టము.

రెండవది స్పష్టత. కెమేరాలోని కాంతిద్వారమును పెద్దదిగా తెరచినచో కొలదిలోతు మాత్రమే స్పష్టముగా వచ్చును. చిన్నది చేసినచో ముందువెనుకలు ఎక్కువగా స్పష్టపడును. కాని ఇందొక చిక్కు గలదు. ద్వారమును ఎఫ్ 4 నుండి ఎఫ్ 16 నకు తగ్గించినచో లోనికి వచ్చు వెలుతురు పదునారవ వంతగును. సెకనులో 250వ వంతు కాలము చాలిన చోట ఇప్పుడు ఇంచుమించు 15వ వంతు కాలము కావలెను. అంతసేపు గాలికి కదలని పూవు పీఠభూమిమీద అరుదు. "పూవంతయు స్పష్టముగా లేదు" అని చెప్పు విమర్శకుడు ఈ లెక్క తెలిసినవాడైనచో, "గాలి లేని తెల్లవారుజామున కెమేరాను రాతిమీద నిలిపి తీయుము" అని కూడ చెప్పగలడు. ఫోనును పూవునకు మరీ దగ్గరగా చేర్చినప్పుడు చిత్రము మసకబారుటకు కారణము వేరు. ప్రతి కటకమునకును ఒక కనీసదూరము కలదు. అంతకంటె దగ్గరకు పోయినచో అది స్పష్టమైన ప్రతిబింబమును ఇయ్యలేదు. కొంచెము వెనుకకు జరిగి తీసి, పిదప అనవసరమైన భాగమును కత్తిరించుకొనుట మేలు.

మూడవది వెనుకటి దృశ్యము. కన్ను తనకు కావలసిన దానిని మాత్రమే చూచును. కెమేరా ఎదుట నున్న సమస్తమును చూచును. మోదుగపూవు వెనుక కరెంటుస్తంభము నిలిచినట్లు తీయువానికి ఆ క్షణమున తోచదు. చూచువానికి మొదట అదే తోచును. ఒక అడుగు ప్రక్కకు జరిగిన స్తంభము పోయి నీలాకాశము వచ్చును. విమర్శలో ఎక్కువ మేలు చేయు మాటలు తరచుగా ఇట్టి చిన్న మాటలే.

అందము ఒక్కటే చాలదు, సత్యమును చూడవలెను. ప్రకృతి ఛాయాచిత్రమునకు ప్రత్యేకమైన నియమములు కలవు. అంతర్జాతీయ ఛాయాచిత్రకళా సమాఖ్య, అమెరికా ఛాయాచిత్ర సంఘము, 1853లో స్థాపింపబడిన బ్రిటనులోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ – ఈ మూడు సంస్థలును 2014లో ప్రకృతి ఛాయాచిత్రమునకు ఉమ్మడి నిర్వచనమును అంగీకరించెను. దాని ప్రకారము మనుష్యుడు సాగుచేసిన మొక్కల చిత్రములు ప్రకృతి విభాగమున చేరవు. చిత్రములో లేనిదానిని చేర్చుటయు, ఉన్నదానిని చెరపివేయుటయు కూడదు; అంచులు కత్తిరించుకొనవచ్చును. కావున తోటలోని బంతిపూవు చిత్రము ఎంత రమ్యముగా నున్నను అది పూల చిత్రమే గాని ప్రకృతి చిత్రము కాదు. దారిప్రక్క తనంతట తాను మొలచిన తంగేడు ప్రకృతి చిత్రమునకు తగిన వస్తువు. ఈ భేదము నెరిగిన విమర్శకుడు తోటపూవును తక్కువ చేయడు. దేనిని ఏ కొలతతో కొలువవలెనో ఆ కొలతతో కొలుచును.

రంగులు లేనిచో చిత్రము లేదని తలచుటయు సరికాదు. దక్షిణభారతపు అడవులలో ఏనుగులను, ఇతర జంతువులను పరిశీలించి, వానినిగూర్చి వ్రాసి, చిత్రించిన ప్రకృతి పరిశోధకుడు ఎం. కృష్ణన్ (1912–1996) నలుపు తెలుపు చిత్రములతోనే ఖ్యాతి గడించెను. 1970లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. ఆకారము, కదలిక, వెలుగునీడల పొందిక – వీనిని చూడ నేర్చినవానికి రంగు ఒక గుణము మాత్రమే.

ఇంతవరకు చెప్పినది చిత్రములో కనబడు విషయము. చిత్రములో కనబడని విషయ మొకటి కలదు. అది అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ చిత్రము ఎట్లు తీయబడినది? పూవు చక్కగా కనబడుటకు చుట్టునున్న మొక్కలను విరిచిరా? పక్షిగూటిని చూపుటకు దానిని కప్పియున్న ఆకులను తొలగించిరా? ఆకులు పోయిన గూడు ఎండకును, కాకులకును బయటపడును. పిల్లలు చచ్చినను చిత్రము అందముగనే యుండును. అట్టి చిత్రమును మెచ్చుకొనినవాడు తెలియకయే మరియొక గూటికి కీడు చేసినవాడగును. చిత్రింపబడు ప్రాణి క్షేమము చిత్రముకంటె ముఖ్యమని ప్రకృతి ఛాయాచిత్రకారుల ప్రవర్తన నియమములు చెప్పుచున్నవి.

పలమనేరు ప్రాంతమున ఈ మాటకు ఎక్కువ బలము కలదు. 1980 దశకమున తమిళనాడు, కర్ణాటకముల అడవులనుండి ఏనుగులు ఇచ్చటికి వచ్చి చేరెను. వానికొఱకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పాటు చేయబడెను. పలమనేరు, కుప్పము ప్రాంతముల అడవులు ఇందులోనివే. ఏనుగులు పొలములలోనికి వచ్చి పంటలను నాశము చేయుటయు, మనుష్యులు వానివలన మరణించుటయు, ఏనుగులు విద్యుత్తు తీగెలు తగిలి చచ్చుటయు ఇచ్చట జరిగినవి.

ఇట్టి చోట ఒక బాలుడు దూరమున చెఱువుగట్టుపై నిలిచిన ఏనుగును చిత్రించి తెచ్చెననుకొందము. చిత్రములో ఏనుగు బొటనవ్రేలంత కనబడుచున్నది. "ఇంకను దగ్గరగా పోయి తీయవలసినది" అని స్నేహితుడు ఒక్క మాట అనును. పూవు చిత్రమునకు ఆ మాట ఉపకారము. ఏనుగు చిత్రమునకు ఆ మాట మృత్యుమార్గము. అన్నవాడు మరచిపోవును. విన్నవాడు దానిని మనస్సులో నుంచుకొని, మరల ఏనుగు కనబడిన దినమున రెండడుగులు ముందునకు వేయును. విమర్శలోని మాట గాలిలో కలిసిపోదు; అది చిత్రకారుని వెంట నడచి పోవును. దానిని పలుకువాడు ఈ సంగతిని ఎన్నడును మరువరాదు.

ఆ చిత్రమునుగూర్చి చెప్పదగిన మంచి మాట వేరుగా నున్నది. "దూరమున నిలిచి తీయుట వివేకము. ఏనుగు చిన్నదిగా నున్నది కనుకనే చెఱువు, గుట్ట, పొలము అన్నియు చిత్రములోనికి వచ్చినవి. ఏనుగు పొలమునకు ఎంత చేరువగా వచ్చినదో దీనివలన తెలియుచున్నది. ఆకాశమును కొంచెము తగ్గించినచో ఈ సంగతి ఇంకను స్పష్టపడును" అని చెప్పవచ్చును. ఇందులో చిత్రమును మెరుగుపరచు ఉపాయము గలదు. బాలుని ప్రాణమునకు రక్షణయు గలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములోనికి అనుమతి లేనిదే ప్రవేశింపరాదనియు, చిత్రములు తీయుటకు అనుమతి కోరవచ్చుననియు అతనికి తెలుపుట కూడ స్నేహితుని ధర్మమే.

మాట చెప్పు తీరునందు కొన్ని మర్యాదలు పాటింపవలెను. ఒక్క చిత్రములో పది లోపములు కనబడినను ఒకటి రెండు మాత్రమే చెప్పవలెను. పదియు విన్నవాడు ఒక్కటియు దిద్దుకొనలేడు. మెప్పును నలుగురిలో చెప్పవచ్చును. లోపమును ప్రక్కకు పిలిచి చెప్పుట మంచిది. ఇతరుని చిత్రముతో పోల్చి తక్కువ చేయరాదు. అతని పాత చిత్రముతోనే పోల్చి, ఎంత ముందునకు వచ్చినదియు చూపవలెను. బాగులేని దానిని బాగున్నదనుట దయ కాదు. అట్టి మెచ్చుకోలు నిజమైన మెచ్చుకోలునకు కూడ విలువ లేకుండ చేయును.

వినువానికిని కర్తవ్యము కలదు. లోపము చెప్పినంతనే గాలిమీదను, కెమేరామీదను నేరము మోపరాదు. మాట అర్థము కానిచో "ఏ భాగమున?" అని అడుగవలెను. ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పినచో కలత చెందనక్కరలేదు. రెండు విధములుగను తీసి చూచినచో ఏది సరియైనదో చిత్రమే చెప్పును. ఒక్కొక్కప్పుడు మొదటి పద్ధతియే మంచిదని తేలును. అప్పుడును నష్టము లేదు. ఇదివరకు అనుకోకుండ చేసిన పనిని ఇకమీద తెలిసి చేయును.

ఈ అభ్యాసమువలన తీసినవానికే కాక చెప్పినవానికిని లాభము కలదు. స్నేహితుని చిత్రములో తంగేటి రేకుల ముడుతలు రాలేదని చెప్పవలెనన్నచో ఆ ముడుతలు ఉండునని తనకు ముందుగా తెలియవలెను. అందుకు తాను పొదకడకు పోయి పూవును శ్రద్ధగా చూడవలెను. ప్రతిదినము బడికి పోవు దారిలో నున్నను అంతవరకు చూడని పూవు అది. రోజును చూచు దానిని మొదటిసారిగా చూచునట్లు చూడ నేర్పుట సద్విమర్శ యొసగు ఫలము.